పెరటి కొలను పంపునూ వైర్లనూ ఎలుకలు, పందికొక్కులు, ఉడుతలు కొరకకుండా కాపాడుకోవడం ఎలా?

మా పెరట్లో ఉన్నది పెద్ద కొలనేమీ కాదు. నాలుగడుగుల వెడల్పు సిమెంటు ఒర ఒకటి నేలలోకి దించి, అడుగున ప్లాస్టరింగ్ చేయించి, కడియం నర్సరీ నుంచి తెచ్చిన రెండు కలువ మొక్కలు పెట్టి, పది గోల్డ్‌ఫిష్ వదిలాం. నీళ్లు తిరగడానికి చిన్న సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి నడిచే) పంపు, గాలి కోసం ఒక ఎయిర్ పంపు పెట్టాం. రెండేళ్లు హాయిగా గడిచింది. వరికోతలు అయిన తర్వాత ఒకరోజు తెల్లవారుజామున చూస్తే చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మూడు అప్పటికే చచ్చిపోయాయి. గాలి ట్యూబును ఎలుక ముక్కలుగా కొరికేసింది.

ట్యూబు మార్చాం, అంతటితో అయిపోయిందనుకున్నాం. వారం తర్వాత ఎండుటాకులు తీద్దామని నీళ్లలో చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమంది. ఒడ్డు రాళ్ల కింద పంపు వైరు కొరికి రాగి బయటపడింది, ఆ చోటు తడిలో ఉంది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి సరిపోయింది. మా ఇంట్లో చిన్నపిల్లలు రోజూ ఆ ఒర అంచు మీద కూర్చుని చేపలకు మేత వేస్తారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మీ ఇంట్లో గాబులోనో, గోలెంలోనో, టార్పాలిన్ వేసిన కొలనులోనో కరెంటు పంపు నడుస్తుంటే ఇది చదివి ఈ ఆదివారమే పని మొదలుపెట్టండి. కొత్త పంపు మళ్లీ కొనుక్కోవచ్చు. అసలు భయం నీళ్లలోకి వచ్చే కరెంటు గురించే.

ముందు కరెంటు పూర్తిగా తీసేయండి

వైరు కొరికిందని అనుమానం వచ్చిందంటే నీళ్లలో చెయ్యి పెట్టకండి, పంపును వైరు పట్టుకుని లాగకండి. స్విచ్ ఆపితే సరిపోదు. చాలా ఇళ్లలో స్విచ్ పొరపాటున న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) వైపు కలిపి ఉంటుంది. అలా ఉంటే స్విచ్ ఆపినా పంపు దాకా ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) సజీవంగానే ఉంటుంది. మెయిన్ బోర్డులో ఎంసీబీ (ఆ లైను ఆపే బ్రేకర్ మీట) దించి, పొడి చేత్తో ప్లగ్గు ఊడదీసి, అప్పుడు వైరును చివరి నుంచి చివరి దాకా చూడండి. రాళ్లు, మొక్కల కుండీలు జరిపి చూడాలి. ఎలుక ఎప్పుడూ మరుగున ఉన్న చోటే కొరుకుతుంది.

రాళ్ల సందుల్లో, బొరియల్లో మాత్రం చేయి పెట్టకండి. ఎలుకలున్న చోటికి పాములు వస్తాయి. కర్రతో జరిపి, టార్చి వేసి చూడండి.

కొరికిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టి మళ్లీ నీళ్లలో వేయడం చాలామంది చేసే పని. దయచేసి చేయకండి. టేపు జిగురు తడిలో నెల కూడా నిలవదు. పంపు వైరు నీళ్లలో మునిగే భాగంలో గాటు పడితే చిన్న పంపు అయితే మార్చేయడమే మేలు. నీటికి బాగా ఎగువన, పొడిగా ఉండే చోట తెగితే అక్కడ కోసి, జాయింటును బాక్సులో పెట్టి అతుక్కోవచ్చు. బాక్సు సంగతి కింద చెబుతాను.

కొరికేది ఎవరో కనిపెట్టండి

ఎలుక జాతి ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే వాటికి బతుకు లేదు. మెత్తని ప్లాస్టిక్ తొడుగు, లోపల గట్టి రాగి ఉన్న వైరు వాటి పళ్లకు సరిగ్గా కుదురుతుంది. కాబట్టి ఒకదాన్ని పట్టేస్తే సమస్య తీరదు. పంటికి అందకుండా చేయడమే దారి.

నేలలో పిడికిలి పట్టేంత కన్నం, దాని నోటి దగ్గర తవ్విపోసిన మట్టి కుప్ప కనిపిస్తే పందికొక్కు. (ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ అనే మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. ఈ జంతువుతో మన సావాసం అంత పాతది.) ఇది వైరు కొరకడంతో ఆగదు. కొలను గట్టు కింద తవ్వుతుంది, టార్పాలిన్‌నూ చింపుతుంది. గోడ వెంబడి నల్లటి జిడ్డు చారలు, బియ్యపు గింజ కంటే పెద్ద నల్లని రెట్టలు ఉంటే ఇంటి ఎలుక. బాక్సుల్లో దూరి గూడు కట్టేది చిట్టెలుక. పెన్సిలు పట్టే కంత చాలు దానికి. పగటిపూట, పైనుంచి వేలాడే వైర్ల మీద, సీరియల్ లైట్ల మీద గాట్లు పడుతున్నాయంటే అది ఉడుత. పళ్లు వచ్చే వయసు కుక్కపిల్ల ఇంట్లో ఉంటే దాన్ని కూడా అనుమానించండి.

ఎవరో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. పందికొక్కు అయితే నేల కింద, ఉడుత అయితే పైన.

ఆర్‌సీసీబీ లేకుండా మిగతా పనులు మొదలుపెట్టకండి

బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాణ్ని. ఎంసీబీ ఓవర్‌లోడ్‌కు, షార్ట్ సర్క్యూట్‌కు పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీయాంపుల కరెంటు చాలు. 16 యాంపుల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

ఆర్‌సీసీబీ చేసే పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వస్తోందా అని చూస్తూ ఉంటుంది. మధ్యలో నీళ్లలోకో, మట్టిలోకో, మనిషిలోకో కారిపోతే తేడా పట్టుకుని వెంటనే కట్ చేస్తుంది. షాపులో అడిగేటప్పుడు ‘30 మిల్లీయాంప్’ అని గట్టిగా చెప్పి తీసుకోండి. 100, 300 మిల్లీయాంపులవి కూడా ఉంటాయి, అవి మనుషుల్ని కాపాడడానికి కాదు.

దీన్ని కొలను లైనుకు విడిగా పెట్టించండి. ఇల్లంతటికీ ఒకటే ఉంటే అర్ధరాత్రి ఎలుక వైరు కొరికితే ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి. విసుగుతో ఎవరో ఒకరు ఆర్‌సీసీబీని తీసేసి డైరెక్టుగా కలిపేస్తారు. మాకు తెలిసిన ఇళ్లలో జరిగిన పనే ఇది.

ఎర్తింగ్ కూడా ఉండాలి. ఆర్‌సీసీబీ పనిచేయడానికి ఎర్త్ అవసరం లేదన్నది నిజమే. కానీ టార్పాలిన్ కొలనులో నీళ్లకు, నేలకు సంబంధం ఉండదు. కరెంటు కారడానికి దారి లేక అది అలాగే నీళ్లలో కాచుకుని ఉంటుంది. మీరు చెయ్యి పెట్టినప్పుడు మీరే ఆ దారి అవుతారు. ఆర్‌సీసీబీ పడిపోతుంది, కానీ మీకు షాక్ తగిలాకే. ఎర్త్ వైరు ఉన్న మూడు పిన్నుల పంపు అయితే చాలాసార్లు లీకు మొదలైనప్పుడే పడిపోతుంది. లైను కొత్తగా లాగుతుంటే త్రీ కోర్ కేబులే (ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఉన్నది) లాగించండి.

కొత్తగా కొనేవాళ్లకు 12 వోల్టుల పంపు

ఇంకా పంపు కొనకపోతే మీ పని సగం తగ్గింది. 12 వోల్టుల డీసీ పంపు తీసుకుని, దాని అడాప్టరు ఇంటి లోపల గోడకు పెట్టండి. పెరట్లోకి వెళ్లేది 12 వోల్టులే. ఎలుక కొరికితే పంపు ఆగుతుంది తప్ప మనిషికి షాక్ ఉండదు. చిన్న ఫౌంటెన్‌కు, ఒర సైజు కొలనుకు ఇది సరిపోతుంది. అడాప్టరు మాత్రం బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు (R- తో మొదలయ్యే నంబరు) ఉన్నది కొనండి. నాసిరకం అడాప్టరు లోపల పాడైతే 230 వోల్టులు అటువైపు వచ్చే ప్రమాదం ఉంది.

వైరు మందం చూసుకోవాలి. 24 వాట్ల పంపు 12 వోల్టుల దగ్గర 2 యాంపులు లాగుతుంది. ఇరవై మీటర్ల దూరానికి 0.75 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతాయి, ఫౌంటెన్ నీరసంగా చిమ్ముతుంది. 2.5 స్క్వేర్ వేస్తే అర వోల్టు పైచిలుకే పోతుంది.

వైరు నడిచే దారి

ఖర్చు ఎక్కువయ్యేది ఇక్కడే, కానీ ఒకసారి సరిగ్గా చేస్తే ఏళ్ల తరబడి మర్చిపోవచ్చు.

నేల మీద వదిలేసిన వైరు, ఆకుల కింద దాగిన వైరు, మెత్తటి ప్లాస్టిక్ గొట్టంలో దూర్చిన వైరు ఒక్కటే. ముడతల ప్లాస్టిక్ గొట్టం మరీ ఘోరం. ఆ ముడతలే పంటికి పట్టు ఇస్తాయి. మామూలు పీవీసీ కాండ్యూట్ (వైర్లు నడిపే గట్టి పైపు) కాస్త నయం. గుండ్రంగా, నున్నగా ఉండే పైపు మీద పళ్లు జారతాయి. కానీ దాని చివర, జాయింటు దగ్గర, పగులు దగ్గర అంచు దొరికితే అక్కడి నుంచి ఒలుచుకుంటూ పోతాయి.

పందికొక్కులు ఉన్న పెరడైతే రెండే నమ్మకమైన దారులు. ఒకటి ముప్పాతిక అంగుళం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు. రెండోది ఆర్మర్డ్ కేబుల్. దాని పై తొడుగు కింద ఇనుప తీగల కవచం ఉంటుంది. తొడుగు కొరికినా కవచం దగ్గర ఆగిపోతుంది. ఈ రెండింటిలో ఏది వాడినా ఆ ఇనుముకు ఎర్త్ కలపాలి. కలపకపోతే లోపల వైరు చితికినప్పుడు పైపు మొత్తానికి కరెంటు వస్తుంది.

నేలలో వేసేటప్పుడు రెండున్నర అడుగుల లోతు తవ్వించండి. అడుగున ఇసుక, దాని మీద కేబుల్, మళ్లీ ఇసుక, పైన వరుసగా ఇటుకలు, ఆ తర్వాత మట్టి వేసి దిమ్మిస కొట్టించాలి. దిమ్మిస పని మానేయకండి. వదులు మట్టి అంటే పందికొక్కుకు మనమే దారి వేసి ఇచ్చినట్టు. ఇటుకలు రేపు మొక్క నాటేందుకు గునపం వేసేవాళ్ల నుంచి కూడా కేబుల్‌ను కాపాడతాయి. లైను ఏ గోడకు ఎన్ని అడుగుల దూరంలో వెళ్లిందో ఫోటో తీసి పెట్టుకోండి.

తవ్వడం కుదరకపోతే ప్రహరీ గోడ మీద అడుగున్నర ఎత్తులో జీఐ పైపును సాడిల్స్‌తో (పైపును గోడకు పట్టి ఉంచే బిళ్లలతో) బిగించండి. గోడకు, పైపుకు మధ్య సందు వదలొద్దు.

పైపు కోసిన అంచును ఆకురాయితో రుద్దించి బుష్ (అంచుకు తొడిగే నున్నటి తొడుగు) పెట్టించండి. ఎలుక కొరకకుండా పెట్టిన పైపే వైరును కోసేస్తే ఏం లాభం. రెండు చివర్లలో స్టీలు జాలీని ఉండలా చుట్టి నొక్కి, పైన సిలికాన్ సీలెంట్ వేయండి. గిన్నెలు తోమే మామూలు ఇనుప పీచు తడికి తుప్పు పట్టి రాలిపోతుంది, స్టెయిన్‌లెస్‌ది అయితే నిలుస్తుంది.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. పంపుకు కంపెనీ వాళ్లే ప్లగ్గు అచ్చుపోసి ఇస్తారు, అది ముప్పాతిక పైపులో దూరదు. ప్లగ్గు కోస్తే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. అందుకని వారంటీ ఉన్నన్నాళ్లు ఆ కాస్త దూరం వరకు రెండంగుళాల పైపు వేసి, అందులోంచి ప్లగ్గుతో సహా లాగండి.

ఒడ్డు దగ్గర ఆ రెండడుగులు

నీళ్లలో మునిగిన వైరును ఎలుక సాధారణంగా ముట్టదు. మా ఇంట్లోనూ, నేను చూసిన మరో మూడు ఇళ్లలోనూ కొరికింది ఒకే చోట, నీళ్లలోంచి పైకి వచ్చి రాళ్ల కింద దాక్కునే రెండడుగుల్లో. చల్లగా, చీకటిగా, తాగడానికి నీళ్లు పక్కనే ఉండే చోటు అది.

ఆ రెండడుగులకు స్టెయిన్‌లెస్ ఫ్లెక్సిబుల్ గొట్టం తొడగండి, నీటి మట్టానికి అరడుగు కింది దాకా దిగేలా. ఇక్కడ జీఐ గొట్టం, జీఐ జాలీ, రాగి జాలీ వాడొద్దు. జింకు, రాగి నీళ్లలో కరిగితే చేపలకు విషం. స్టెయిన్‌లెస్ కొంచెం ఖరీదే, కానీ మనకు కావలసింది రెండడుగులే. వైరు మీద రాళ్లు పేర్చకండి. వీలైతే బయటికి కనిపించేలా వదిలేయండి. అందం కొంత తగ్గుతుంది, కానీ కనిపించే వైరును మీరు రోజూ చూస్తారు, ఎలుక కూడా బయట కూర్చుని కొరకడానికి జంకుతుంది.

గట్టు కింద తవ్వకుండా పావు అంగుళం కళ్ల వెల్డ్ మెష్‌ను గట్టు చుట్టూ బయటివైపు రెండడుగుల లోతుకు దించి, అడుగున బయటికి ఇంకో అడుగు మడిచి పాతిపెట్టండి. పందికొక్కు తవ్వుతూ వచ్చి జాలీ తగిలాక ఇంకా కిందికి తవ్వుతుంది. అక్కడ కూడా మడత అడ్డొస్తుంది. టార్పాలిన్ కొలనుకు ఇది తప్పనిసరి. సిమెంటు ఒర అయితే చుట్టూ అడుగు వెడల్పు సిమెంటు గచ్చు చేయించినా చాలు.

ఎయిర్ పంపు, దాని ట్యూబు

సిలికాన్ ట్యూబు ఎలుకకు చాలా మెత్తన. బయట ఉన్నంత మేరా దాన్ని పీవీసీ పైపులో నడిపించి, చివరలు మూయండి. ఎయిర్ పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టి, ట్యూబులో ఒక చెక్ వాల్వు వేయండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి ఎక్కి పంపులోకి రాకుండా ఉంటాయి.

నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. రాత్రంతా మొక్కలు, పాచి కూడా దాన్నే వాడుకుంటాయి. ఎలుకలు తిరిగేది రాత్రే. ట్యూబు పదకొండింటికి తెగితే చేపలు నాలుగింటికి పోతాయి. ఎక్కువ చేపలున్న కొలను అయితే కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి అదనంగా, వేరే ట్యూబుతో పెట్టుకోండి.

బాక్సు

ప్లగ్గులు, జాయింట్లు అన్నీ నేల నుంచి మూడడుగుల ఎత్తులో, ఐపీ 65 (దుమ్ము, నీటి చిమ్ములు లోపలికి పోని రకం) లేదా అంతకంటే మంచి వెదర్‌ప్రూఫ్ బాక్సులో ఉండాలి. వైర్లు బాక్సు అడుగు నుంచి, గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే మూత) గుండా లోపలికి పోవాలి. పైనుంచి పోతే వాన నీళ్లు వైరు వెంట లోపలికే. కిందకు వేలాడే చిన్న వంపు ఇస్తే నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి. వాడని కన్నాలను మూసేయండి. చిట్టెలుకలే కాదు, చీమలు, బల్లులు కూడా దూరి షార్ట్ చేస్తాయి.

మేత, చెత్త, కొమ్మలు

ఇన్ని చేసినా చేపల మేత ప్యాకెట్టు కొలను పక్కనే పెడితే ఎలుకలను పిలిచి కూర్చోబెట్టినట్టే. మేత స్టీలు డబ్బాలో, ఇంటి లోపల ఉండాలి. రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేసేంతే వేయండి, సాయంత్రం ఆలస్యంగా వేయకండి. పిచ్చుకలకు వేసే నూకలు, కుక్క గిన్నెలో మిగిలిన అన్నం, రాలిన జామకాయలు రాత్రికి పెరట్లో మిగలకూడదు. కొబ్బరి మట్టలు, పాత ఇటుకలు, కట్టెలు కొలనుకు దూరంగా సర్దండి.

ఉడుతలు కొమ్మల మీదుగా వస్తాయి కాబట్టి వైరు చుట్టూ ఆరడుగుల మేర కొమ్మలు కొట్టేయండి. కొబ్బరి తోటల్లో ఎలుకలు ఎక్కకుండా చెట్టు మొదలుకు రేకు చుడతారే, అదే పద్ధతి కొలను పక్కన ఉన్న ఒంటరి చెట్టుకూ పనికొస్తుంది. ఉడుతలను పట్టడం, చంపడం మాత్రం వద్దు. లైట్ల వైరును పైపులో పెడితే వాటితో గొడవే ఉండదు.

బోను సరే, మందు వద్దు

కొలను ఉన్న పెరట్లో ఎలుకల మందు వాడకండి. జింక్ ఫాస్ఫైడ్ తడి తగిలితే విషవాయువు వదులుతుంది. రక్తం గడ్డకట్టనివ్వని మందు బిళ్లలు తిన్న ఎలుక కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబ, పిల్లి కూడా చనిపోవచ్చు. దాహంతో వచ్చి కొలనులోనే పడి చచ్చిన ఎలుకను తీసిన అనుభవం మాకుంది. జిగురు అట్టలూ వద్దు, వాటికి తొండలు, పిట్టలు, ఉడుతపిల్లలు అంటుకుని నరకం చూస్తాయి.

బోను పెట్టండి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి మూడు నాలుగు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, లోపల కాల్చిన కొబ్బరి ముక్కో ఎండుచేపో ఊరికే పెట్టండి. అలవాటు పడ్డాక తలుపు ఎత్తిపెట్టండి. గోడ వెంబడి పెట్టాలి, నడుమ కాదు. పొద్దున్నే బోను మూసేయండి, లేకపోతే పగలు ఉడుత పడుతుంది. పెరట్లో జెర్రిపోతు కనిపిస్తే కొట్టకండి. దానికి విషం లేదు, ఎలుకల్ని అది తిన్నంతగా మన బోను పట్టలేదు.

శబ్దంతో ఎలుకలను తరిమే మిషన్లను నమ్ముకుని వైర్లను వదిలేయకండి. కొన్నాళ్లకు ఎలుకలు ఆ శబ్దానికి అలవాటు పడతాయి. కారం, వేప నూనె వైరుకు పూయడం ఒక వానకే కొట్టుకుపోతుంది, పైగా కారేది చేపల నీళ్లలోకే.

ఎలుకల మూత్రం పడిన తడి మట్టిలో, నీళ్లలో లెప్టోస్పైరోసిస్ క్రిములు ఉండొచ్చు. కాళ్లకూ చేతులకూ గాయాలుంటే రబ్బరు గ్లవుజులు, బూట్లు లేకుండా ఈ పనులకు దిగకండి. తర్వాత నెల రోజుల లోపు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకు ఎలుకల సంగతి తప్పకుండా చెప్పండి.

నెలకోసారి పది నిమిషాలు

ఒకటో తారీఖున ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే అదే రోజు మార్పించండి, అప్పటిదాకా పంపు నడపకండి. తర్వాత కరెంటు తీసేసి వైరు మీద చేయి వేసి చివరిదాకా నడవండి. కొత్త గాటు లేతరంగులో ఉంటుంది, పాతది నల్లబడి ఉంటుంది. పైపు చివరల సీలు, బాక్సు గ్లాండ్లు, గట్టు చుట్టూ కొత్త మట్టి కుప్పలు చూడండి. ఏడాదికోసారి, వానాకాలానికి ముందు, ఎలక్ట్రీషియన్‌తో 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరు) పెట్టి లైను చూపించండి. ఒక మెగోమ్ కంటే తక్కువ వస్తే ఎక్కడో తొడుగు దెబ్బతిన్నట్టే.

తొలకరికి బొరియల్లో నీళ్లు నిండినప్పుడు, మళ్లీ వరికోతలు అయి పొలాలు ఖాళీ అయినప్పుడు ఎలుకలు ఇళ్ల మీదికి మళ్లుతాయి. ఆ రెండు కాలాల్లో మాత్రం నెలకోసారి కాదు, వారానికోసారి చూడండి.